కోసకు పడని బట్ట

దేవే మంచినీళ్లు కూడా ముట్టలేదు.

సోమక్క పెట్టిన చెంబు కల్లం గట్టు మీద అలాగే ఉంది. పక్కన గిన్నెలో రాత్రి అంబలి మీద ఈగలు వాలుతున్నాయి. పొద్దున మొదటి బస్సు దిగి వచ్చిన మనిషి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా మిరపకాయలు ఆరబోసే ఆ కల్లంలోనే ఒక మూల కూర్చుంది. ఇంట్లోకి రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు.

పొమ్మన్నది సీతారాములు. రమ్మన్నది సోమక్క. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా వాకిట్లో అటొకరు ఇటొకరు తిరుగుతున్నారు. పొయ్యి వెలిగించాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

ఇద్దరి మధ్యా నలిగిపోతున్నది దీప. వరంగల్‌లో లా చదువుతున్న ఒక్కగానొక్క కూతురు. సెలవులివ్వగానే తోటి పిల్లలు గోవా అనీ ఊటీ అనీ పోతే, ఈ పిల్ల జగదల్‌పూర్‌లో సుమిత్ర అనే వకీలు దగ్గర చేరింది. అడవిలో కాల్పుల్లో చనిపోయినవాళ్ల తరఫున హైకోర్టులో కేసులు వేస్తుందావిడ. ఊళ్లు తిరిగి సాక్షుల మాటలు రాసుకురావడం విద్యార్థుల పని. జీతం లేదు, భత్యం లేదు, పైగా ఎండ. ఆ కేసుల్లో ఒకటి దేవే మొగుడు కోసది.

కోస చావు గురించి పోలీసులు చెప్పేది ఒకటి. మిట్టమధ్యాహ్నం కొండల్లో కాల్పులు జరిగాయట, అతను తుపాకీతో సహా అక్కడ పడి ఉన్నాడట. జరిగింది వేరు. ఆ మిట్టమధ్యాహ్నం కోస ఇదే కల్లంలో ఉన్నాడు. ఆఖరి కోత రోజు కాబట్టి సోమక్క కోడిని కోసి కూలీలందరికీ అన్నం పెట్టింది. సీతారాములు అతని పక్కనే కూర్చుని తిన్నాడు. సాయంత్రం, కూలి కింద వచ్చిన మిరపకాయల బస్తా భుజాన వేసుకుని బయలుదేరిన కోస ఇల్లు చేరలేదు.

ఈ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. చెప్పాల్సిన చోట చెప్పినవాళ్లూ లేరు. మర్నాడు సీతారాములుని ఠాణాకి పిలిపించి కోస నీ చేలో పనికి వచ్చాడా అని అడిగారు. ఈ ఏడు రాలేదు అని చెప్పి, తల వంచుకుని ఇంటికి వచ్చాడు. ఆ ఒక్క మాట పట్టుకునే పోలీసులు నిశ్చింతగా ఉన్నారు. అది అక్కడ ఉన్నంతకాలం సోమక్క వెళ్లి ఏం చెప్పినా నిలబడదని సుమిత్ర ముందే తేల్చేసింది.

అయితే ఇవాళ దేవే వచ్చింది సాక్ష్యం కోసం కాదు. బట్ట కోసం.

దేవే వాళ్ల ఆదివాసుల్లో మనిషి పోతే అయినవాళ్లు కొత్త బట్ట తెచ్చి కప్పుతారు. పూడ్చే రోజు రాలేకపోయినవాళ్లు, పోయిన మనిషి గుర్తుగా రాయి నిలబెట్టే రోజు తెస్తారు. ఎవరి బట్ట పడిందో, ఎవరిది పడలేదో ఊరంతా చూస్తుంది. బట్ట వేయడమంటే ఈ మనిషి మావాడు అని నలుగురి ముందూ ఒప్పుకోవడమే. కోస రాయి ఈ పొద్దు గూకే లోపల నిలబడాలి.

"అందరిది పడ్డది అక్కా. మీ ఇంటిదే పడలే," అంది దేవే సోమక్కతో. "పదేండ్లు మీ చేన్ల మిరప కోసిండు. మీ బట్ట లేకుంట రాయి లేవదని మా వాళ్లకు చెప్పొచ్చిన."

"ఇస్త గని, ముందుగాల గిన్ని నీళ్లు తాగు."

"బట్ట వెయ్యని ఇంట్ల నేను నీళ్లు తాగితే, ఆయన మీకేం కానట్టే."

సోమక్క వెనక్కి తిరిగింది. వెళ్లి వసారాలో గోడకు చేరగిలబడింది. ఆమెకు కోపం వచ్చింది. దేవే మీద కాదు.

సరిగ్గా అప్పుడే గవర్రాజు బండి వాకిట్లో ఆగింది. సోమక్కకు తమ్ముడు. పోలీసు క్యాంపుకి కూరగాయలూ కోడిగుడ్లూ సరఫరా చేస్తాడు. ఆ బేరం వచ్చినప్పటి నుంచీ నడకలో ఒక హుందాతనం, మాటలో నాలుగు హిందీ ముక్కలూ చేరాయి. చెడ్డవాడు కాదు. అక్కంటే ప్రాణం. కాకపోతే ప్రాణమంటే ఇంకా ప్రాణం.

వస్తూనే దేవే వైపు ఒక చూపు విసిరి, బావ చెయ్యి పట్టుకుని వేపచెట్టు కిందికి లాక్కుపోయాడు. ఆమె ఇక్కడ ఉన్న సంగతి క్యాంపులో అప్పుడే తెలిసిపోయిందన్నాడు. గుడ్లు దించుతుంటే తననే అడిగారన్నాడు. మిరప లోడు ఈ వారమే దాటాలి గదా, దారిలో క్యాంపు గేటు దగ్గర ఆపి ఎండలో పెడితే ఏం చేస్తావన్నాడు. ఆడపిల్ల చదువు సంగతి ఆలోచించమన్నాడు. సీతారాములు అన్నిటికీ తలూపాడు.

గవర్రాజుకి ఆ తలూపడం చాలలేదు.

"బావా, సాఫ్ చెప్తున్న. ఆ మనిషి నీ చేన్లకే రాలేదని నువ్వే చెప్పొచ్చినవ్. ఇప్పుడు బట్ట వేస్తివనుకో, నీ నోటితోని నువ్వే అబద్ధమాడిన అని దండోరా వేసినట్టు. ఎవలు కాపాడ్తరు నిన్ను? నీ బిడ్డ వకీలు అయ్యేదాక జైల్ల కూసుంటవా?"

సీతారాములు తల ఈసారి ఊగలేదు. అతని చూపు వసారాలో నిలబడ్డ కూతురి మీద పడింది.

దీప పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల నోరు తెరవలేదు. ఇవాళనే కాదు, ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. తండ్రి అన్నం తింటుంటే కూర వడ్డిస్తుంది, బండి తాళాలు వెతికి ఇస్తుంది, చేనులోకి మందు డబ్బా మోసుకొస్తుంది. కోస పేరు వచ్చిందా, లేచి అవతలికి పోతుంది. ఊళ్లో ప్రతి గడపా ఎక్కి ఆ రోజు మీరేం చూశారని అడిగిన పిల్ల, సొంత ఇంట్లో మూగనోము పట్టింది.

దానికి కారణం ఉంది. ఆ రోజు కోస అన్నం తిన్నది తన ఇంట్లోనే అని తెలిసిన నాడే దీప వెళ్లి సుమిత్రతో చెప్పింది. సుమిత్ర కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒకే ఒక నియమం పెట్టింది. ఆ రోజు గురించి తండ్రితో ఒక్క ముక్క మాట్లాడకూడదు. సాక్షి కూతురే ఈ కేసులో పనిచేస్తోంది, ఆమే తండ్రికి మాటలు నూరిపోసింది అని అవతలి వకీలు అంటే ఆ సాక్ష్యం అక్కడితో చచ్చిపోతుంది. అడగాల్సినవాళ్లు అడుగుతారు, నువ్వు నోరు కుట్టేసుకో అంది. ఎందుకు మాట్లాడడం లేదో కూడా చెప్పకు, అది చెప్పినా, సాక్ష్యం ఇలా చెప్పు అని నేర్పినట్టే అంది.

అడగడానికి నవీన్‌కుమార్‌ని పంపింది. దీప క్లాసే, మంచి పిల్లాడు. పోయిన వారం వచ్చాడు. సీతారాములు కుర్చీ వేశాడు, చల్ల ఇచ్చాడు, వానల గురించి అరగంట మాట్లాడాడు. కోస సంగతి ఎత్తగానే, నాకు పనుంది బాబూ అని లేచిపోయాడు. ఆ సాయంత్రమంతా దీప పెరట్లో బట్టలు ఉతుకుతూ ఏడ్చింది. నియమం మంచిదే. కానీ ఆ నియమం పెట్టినవాళ్లెవరూ ఈ ఇంట్లో అన్నం తిని ఈ ఇంట్లో పడుకోవాల్సిన పని లేదు.

సీతారాములు గవర్రాజు చెయ్యి విడిపించుకుని వసారా మెట్ల దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, ఇటు చూడు. ఊళ్లె అందర్ని అడిగినవ్. ముసలోళ్లను అడిగినవ్, పసులు కాసేటోళ్లను అడిగినవ్. నన్నెందుకు అడగలే?"

దీప తల వంచుకుంది.

"పరాయి పిలగాన్ని తోలినవ్ నా దగ్గరికి. నా ఇంట్ల, నా కుర్చీల కూసోని వాడు నన్నడుగుతడు. నువ్వేమో తలుపు సాటున నిలబడ్తవ్. ఏంది, నేను మనిషి లెక్కల లేనా నీకు? ఈడు పిరికోడు, ఈన్ని అడిగి ఏం లాభం అనుకున్నవా?"

"నాయినా..." అంది దీప. కాదు నాయినా, నిన్ను కాపాడుకోవడానికే నాయినా, నీ మాట నీదిగా మిగలాలనే నాయినా. ఇవన్నీ చెప్పవచ్చు. చెబితే అదే బోధించినట్టవుతుంది. ఆ పిల్ల రెండు చేతులతో స్తంభాన్ని పట్టుకుంది. కళ్లు నిండిపోయాయి.

జవాబు రాదని తెలిశాక సీతారాములు మొహం గోడలా అయిపోయింది.

"మంచిది," అన్నాడు. తువ్వాలు తీసుకుని ట్రాక్టరు నీడలోకి వెళ్లి కూర్చున్నాడు.

గవర్రాజు ఊపిరి పీల్చుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు. జేబులోంచి ఫోను తీస్తూ, ఆమెను తానే బస్సెక్కించి వస్తానన్నాడు.

సోమక్క లేచింది. లోపల ట్రంకుపెట్టె మూత తెరుచుకున్న చప్పుడు, పడ్డ చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో కొత్త పంచె ఉంది. ఉగాదికి మొగుడికని భద్రాచలంలో కొన్నది, ఇంకా మడత విప్పలేదు.

"అక్కా, నీకు మతి ఉన్నదా?" అన్నాడు గవర్రాజు. "బావ వద్దంటున్నడు గద."

"మీ బావ వద్దనలే. ఊకున్నడు." సోమక్క చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. "ఆ దినం నా చేత్తోని పెట్టిన వానికి అన్నం. ఇంకింత వెయ్యమన్నడు, వేసిన. నేను పెట్టిన అన్నం కడుపుల ఉండంగనే సంపిన్రు. ఆ అన్నం నేను పెట్టలేదని చెప్పమంటవా తమ్మీ? గుడ్లు అమ్ముకో, నేనొద్దన్ననా. నా అన్నం జోలికి రాకు."

గవర్రాజు దారి వదిలాడు. చిన్నప్పుడు కూడా అక్క ఇలా మాట్లాడినప్పుడు అతను పక్కకి తప్పుకునేవాడు.

దేవే లేచి నిలబడింది. గట్టు మీది చెంబు ఎత్తి గటగటా తాగింది. నీళ్లు గడ్డం మీదుగా కారాయి. తుడుచుకోలేదు.

ముగ్గురు ఆడవాళ్లూ వాకిలి దాటారు. బట్ట వేయడానికి వెళ్లకూడదని సుమిత్ర ఏమీ చెప్పలేదు కదా అని దీప తనకు తానే సర్ది చెప్పుకుంది. నిజానికి చెప్పినా ఆగేది కాదు. వెనక గవర్రాజు ఎవరికో ఫోను చేస్తున్నాడు.

దేవే ఊరి వైపు బస్సు సాయంత్రం దాకా లేదు. నడిస్తే పొద్దు గూకుతుంది. మైలురాయి దగ్గర ఆగి ఎవరినైనా బండి అడుగుదామా అనుకుంటుండగా వెనక ట్రాక్టరు చప్పుడైంది. సీతారాములు పక్కన ఆపాడు. ముగ్గురిలో ఎవరి వైపూ చూడలేదు.

"ఎక్కుండ్రి," అన్నాడు.

వెనక ట్రాలీలో సోమక్క పంచెను ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడకుండా కొంగు కప్పింది. దీప తండ్రి వీపునే చూస్తూ కూర్చుంది. క్యాంపు దాకా వచ్చి దింపేసి వెనక్కి తిరుగుతాడేమో అనుకుంది. అదైనా చాలనుకుంది.

క్యాంపు గేటు దగ్గర బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. రెండు జీపులు, ఒక లారీ, సంత నుంచి వస్తున్న సైకిళ్లు. గేటు కాసే జవాను సోమక్క ఒళ్లో పంచె చూశాడు, ఆడవాళ్లను చూశాడు, లోపలికి వెళ్లి ఒక ఏఎస్సైని వెంటబెట్టుకుని వచ్చాడు. వీళ్లు వస్తున్నట్టు వాళ్లకి ముందే తెలుసని వాళ్ల నడకలోనే తెలిసింది.

ఎక్కడికి అన్నాడు ఏఎస్సై హిందీలో. రాయి నిలబెడుతున్నారు, బట్ట వేయడానికి అంది సోమక్క తన సంత హిందీలో. ఎవరికి అన్నాడు. కోసకి అంది. ఏఎస్సై ఆమెను వదిలేసి ట్రాక్టరు మీద ఉన్న సీతారాములు దగ్గరికి వెళ్లాడు. ఠాణాలో ఆ రోజు ప్రశ్నలు అడిగింది ఇతనే.

"వో తేరా కౌన్ లగ్తా థా?" అన్నాడు.

అతను నీకేమవుతాడు. ఏమీ కాడు అంటే సరిపోతుంది. ఆడవాళ్ల చాదస్తం, తోడు వచ్చాను అంటే ట్రాక్టరు తిప్పుకుని ఇంటికి పోవచ్చు. మిరప లోడు దాటుతుంది. ఏఎస్సై మొహంలో కూడా అదే జవాబు కోసం ఎదురుచూపు ఉంది. అలా అనమనే అడిగినట్టుంది.

సీతారాములు ఇంజను ఆపాడు. కిందికి దిగాడు.

"నా చేను మనిషి," అన్నాడు హిందీలో. వెంటనే, వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా తెలుగులో అందుకున్నాడు. "పదేండ్లు నా మిరప కోసిండు. ఆ దినం పగటీలి నా కల్లంల ఉన్నడు. నా పక్కన కూసోని అన్నం తిన్నడు. మొన్న రాలేదన్న. భయపడి అన్న. అది అబద్ధం. ఇది నిజం. రాసుకో."

వరసలో ఎవరో సైకిలు బెల్లు మీద చెయ్యి వేసి తీసేశారు. లారీ డ్రైవరు కిందికి వంగి చూశాడు. దేవే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏఎస్సైకి తెలుగు బాగానే వచ్చు. అతను సీతారాముల్ని వదిలి దీప వైపు తిరిగాడు. వకీలు దగ్గర పనిచేసే అమ్మాయివి నువ్వే కదా అన్నాడు. మళ్లీ సీతారాములుకి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. ఈ మాటలు కూతురు నేర్పిందా, నిజం చెప్పు, నేర్పిందని చెబితే నీకేం కాదు, చిన్నపిల్ల తెలివితక్కువతనం అని వదిలేస్తాం అన్నాడు.

సుమిత్ర భయపడింది సరిగ్గా ఈ ప్రశ్నకే.

సీతారాములు ఆ మాట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అతని మొహం ముడుచుకుపోయింది. ఇంతసేపూ లేని కోపం ఇప్పుడు వచ్చింది.

"నా బిడ్డనా? నా బిడ్డ నన్ను ఒక్క మాట అడగలే సార్. ఊరందర్ని అడిగింది. నన్ను అడగలే. ఇయ్యాల గూడ నేనే మొత్తుకున్న, ఎందుకడగవని. నా బామ్మర్ది ఉండె ఆడ, మీకు గుడ్లు తెచ్చే గవర్రాజు. పిలిచి అడుగుండ్రి. అది అడిగితే ఎప్పుడో చెప్తుంటి."

దీపకి అప్పుడు ఏడుపు ఆగలేదు. ఆ గేటు ముందు, జవాన్ల ముందు, సైకిళ్లవాళ్ల ముందు, మొహం కూడా కప్పుకోకుండా ఏడ్చింది. ఇన్నాళ్లూ ఇంట్లో తాను మింగిన మాటలన్నీ ఇవాళ తండ్రికి కాపలాగా నిలబడ్డాయని ఆ పిల్ల ఒక్కదానికే అర్థమైంది.

ఏఎస్సై ఆడవాళ్లు పోవచ్చన్నాడు. సీతారాములు మాత్రం పెద్దసారు వచ్చేదాకా లోపల కూర్చోవాలన్నాడు. ఏ కారణం మీద అని దీప అడిగింది. కారణం రాసి ఇమ్మంది, మీ పేరు చెప్పమంది. దీప ఫోను తీసి అతని ఎదుటే నవీన్‌కుమార్‌కి చేసింది. మా నాయిన్ని క్యాంపులో ఆపారు, సుమిత్ర మేడంకి చెప్పు, ఆయన ఇప్పుడు సాక్షి, ఇక ఈ కేసులో నా పేరు తీసేయమని కూడా చెప్పు అంది. నవీన్ ఎందుకని అడుగుతుండగానే పెట్టేసింది.

సోమక్క మొగుడి దగ్గరికి వచ్చింది. పంచె ఆయన చేతికి తాకించి మళ్లీ తీసుకుంది. ఇంటి పెద్ద చెయ్యి పడితే చాలు.

"పోయి వెయ్యి," అన్నాడు సీతారాములు. "నా పేరు చెప్పి వెయ్యి."

ఆమె, దేవే గేటు దాటి, దగ్గర్లోనే ఉన్న ఊరి వైపు నడిచారు. వరసలో ఉన్న సైకిళ్లవాళ్లు ఇద్దరు, సంత సంచులు గేటు పక్కన దించి, పిలవకుండానే వాళ్ల వెనక వెళ్లారు.

దీప వెళ్లలేదు. గేటు లోపల తండ్రిని కూర్చోబెట్టిన బల్ల పక్కన నేల మీద చతికిలబడింది. జవాను లేవమన్నాడు. లేవలేదు.

సీతారాములు కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఈ సెలవుల్లో అది మొదటిసారి.

"ఇప్పుడన్న అడుగుతవా బిడ్డా?"

దీప కళ్లు తుడుచుకుంది. కేసు వదిలేసింది కదా, ఇప్పుడు అడగవచ్చు. ఎవరూ తప్పనలేరు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అడగ నాయినా. నిన్ను అడిగేది కోర్టే. అప్పటిదాక నేనేడికి పోను."

బయటి నుంచి పెద్దసారు జీపు వస్తున్న చప్పుడు వినిపించింది. జవాన్లు బిగుసుకుని నిలబడ్డారు. సీతారాములు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఈసారి ఎవరూ పిలవకముందే లేచి, జీపుకి ఎదురు నడిచాడు.